రేవుమిట్ట మీద తూర్పు వరస

మా పాలెంలో గాలి ఆగిపోయింది నేను పుట్టిన తర్వాతనే. అంతకు ముందు పులికాట్ సరస్సు మీది గాలి నేరుగా గుడిసెల్లోకి వచ్చేదని మా నాయన చెప్పేవాడు. నీళ్లకీ ఇళ్లకీ మధ్య చెట్టూ చేమా లేని ఇసక పర్ర ఒక్కటే ఉండేది. ఆ పర్రలో ఊళ్లో రైతులు సరుగుడు తోపు వేశారు. మొక్కలు నాటిన రోజుల్లో మావాళ్లే కూలికి వెళ్లి కుండలతో నీళ్లు మోసి పోశారట. మా అమ్మ నన్ను చంకన వేసుకుని మరీ మోసిందట. నేను పెద్దమనిషినయ్యేసరికి ఆ చెట్లు మా ఇళ్ల కప్పులకి రెండింతలు పెరిగాయి.

అప్పట్నుంచి మాకు గాలి వినిపించడమే గాని ఒంటికి తగలడం లేదు. సరుగుడు కొమ్మల్లో గాలి పడితే హోరుమని శబ్దం వస్తుంది. గుడిసెలో చెమటలు కక్కుతూ కూర్చుని ఆ హోరు వినడం ఎంత కడుపుమంటగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. పక్కింట్లో పెళ్లి భోజనాలు జరుగుతుంటే మన ఇంట్లో పొయ్యి వెలగనట్టు ఉండేది.

వేసవి గురించి మెట్ట ప్రాంతం వాళ్లతో మాట్లాడితే వాళ్లెప్పుడూ ఎండ గురించే చెబుతారు. ఎండకి నీడ ఉంది. చెట్టు కిందకి పోతే తీరుతుంది. మాది ఉక్క. దానికి నీడతో పని లేదు. చెమట పడుతుంది గాని ఆరదు. ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి కూడా తడితడిగానే ఉంటుంది. మెడ చుట్టూ చెమటకాయలు పేలి రైక తొడగాలంటే ఏడుపొస్తుంది. విసనకర్రతో ఎంత విసురుకున్నా ఆ వేడిగాలే మళ్లీ మొహానికి కొడుతుంది. ఒంటి మీద చెమట ఆరాలంటే పారే గాలి కావాలి. మాకు ఆ గాలి దొరికే చోటు ఒక్కటే ఉండేది. దాన్ని రేవుమిట్ట అనేవాళ్లం.

పడవలు నిలిపే రేవు దగ్గర సరుగుడు తోపు తెగిపోతుంది. అక్కడ నీళ్ల ఒడ్డున ఎప్పుడో పోసిన ఇసక గుట్టగా పడి ఉండేది, పైన చదునుగా. ఊరు అంటే రైతుల ఇళ్లు. పాలెం అంటే మావి, చేపలు పట్టేవాళ్లవి. రెండింటికీ ఆ మిట్టే దిక్కు. యాభైల చివరి వేసవుల్లో పొద్దువాలే వేళకి ఊరు ఊరంతా, పాలెంలో ఆ పూట వేటకి పోనివాళ్లంతా అక్కడికి చేరేవాళ్లు. ఇసక మీద చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లు. పొద్దంతా ఎండలో కాగినా సరే, సూర్యుడు దిగితే ఇసక చప్పున చల్లబడుతుంది. అరచేత్తో పైపొర తీసేస్తే లోపల ఇంకా చల్లగా ఉంటుంది. ముసలివాళ్లు అలా గుంట చేసుకుని అందులో కాళ్లు పెట్టుకునేవాళ్లు.

మిట్ట మీద ఎవరెక్కడ కూర్చోవాలో గాలి చెప్పేది. గాలి ఎటు నుంచి వస్తే అటు రైతులు, ఎటు పోతే అటు మేము. మా చేపల వాసన వాళ్ల మీదికి పోకూడదు, అంతే సంగతి. ఈ నియమం ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం మా రొయ్యలు ఇగురు పెట్టుకుని తిని చేతులు కడుక్కున్నవాళ్లే సాయంత్రం మా వాసన పడదనేవాళ్లు. ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు కోపం వస్తోంది. అప్పట్లో మాత్రం అది వానా ఎండల్లాగే ఉన్నదని అనుకునేదాన్ని.

కాని వేసవిలో మా దగ్గర గాలి ఒక పక్క నుంచే రాదు. పొద్దున్నించి పడమటి గాలి, నిప్పుల మీంచి వచ్చినట్టు వేడిగా కొడుతుంది. పొద్దుగూకే వేళకో, ఇంకొంచెం ముందో వెనకో, అది పడిపోతుంది. కాసేపు ఆకు కదలదు. తర్వాత తూర్పు నుంచి నీళ్ల మీది గాలి వస్తుంది. అలా గాలి మారినప్పుడల్లా మిట్ట మీద ఉన్నవాళ్లందరూ లేచి పక్కలు మారేవాళ్లు. మొదట రైతులు పడమట, మేము తూర్పున నీళ్ల వైపు కూర్చుని ఉంటాం. నీటి గాలి తగలగానే మాలో ఎవరో ఒకరు చిటికెడు ఇసక ఎగరేసి చూస్తారు. ఎవరూ ఎవరికీ లెమ్మని చెప్పరు. ఒక పక్క లేస్తే రెండో పక్క కూడా లేస్తుంది. చాపలు చుట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని వాళ్లు ఇటు, మేము అటు.

నడిమిట్ట మీద ఊరివాళ్లూ మేమూ ఎదురుపడేవాళ్లం. ఆ కాసేపు మాత్రం మాటలు నడిచేవి.

"ఏం అన్నా, రొయ్య పడతాండాదా?"

"ఏం పడతాదిలే సామీ. నీళ్లు కాగిపోతుండాయి."

"రేపు మా ఇంటికి కొంచెం పంపీ. అల్లుడొచ్చుండాడు."

ఇంత మాట పూర్తయ్యేసరికి ఎవరి చోటికి వాళ్లు చేరిపోయేవాళ్లు. బయటి ఊళ్ల నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఇదంతా చూసి నోరు వెళ్లబెట్టేవాళ్లు. నాయుడుపేట నుంచి వచ్చిన ఒక పెళ్లికొడుకైతే ఏదో కొట్లాట జరుగుతోందనుకుని చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. ఆ సంగతి చెప్పుకుని మా పాలెం చాలాకాలం నవ్వుకుంది.

మా అమ్మకి ఉబ్బసం వచ్చాకే ఆ పక్కలు మారడం ఎంత దూరమో నాకు తెలిసింది.

అమ్మ ఎండుచేపలు, రొయ్యపొట్టు గంపలో పెట్టుకుని దొరవారిసత్రం సంతకి వెళ్లేది. గట్టి మనిషి. గంప దించకుండానే దారంతా కబుర్లు చెప్పుకుంటూ నడిచేది. అలాంటిది ఒక వర్షాకాలం జలుబులా మొదలై, ఆ తర్వాత తగ్గలేదు. ఎండుచేపల ధూళి తగిలితే ఎగశ్వాస పట్టుకునేది. గంప నేను తలకెత్తుకున్నాను. ఎనిమిదో తరగతి దాకా చదివి ఇంట్లో ఉన్నాను, వేరే పని లేదు. ఆపైన అమ్మ చేప ముట్టలేదు. వండటం కూడా మా పిన్నీ నేనూ చూసుకున్నాం. నాయుడుపేటలో ఒక డాక్టరు మందులిచ్చి, "ఉక్కలో పెట్టొద్దు. గాలి తగిలే చోట కూచోబెట్టండి" అన్నాడు. మా గుడిసెలో అది తప్ప ఇంకేదైనా అడగొచ్చు. పడవలో తీసుకుపోదామంటే పొద్దువాలే వేళకి పడవలన్నీ వేటకి కదిలేవి. మా నాయన ఆ వేటతోనే మాకింత అన్నం పెడుతున్నాడు.

అందుకని రోజూ మిట్టకే తీసుకుపోయేదాన్ని. వెళ్లే ముందు అమ్మ సీకాయతో తలంటుకున్నంత శ్రద్ధగా స్నానం చేసేది. ఉతికిన చీర కట్టుకునేది. ఆమె దగ్గర సున్నిపిండి వాసన తప్ప ఏ వాసనా ఉండేది కాదు. అయినా గాలి మారగానే లేచి అవతలికి పోవాల్సిందే. మామూలు మనిషికి మిట్ట అడ్డంగా దాటడం రెండు మాటలు మాట్లాడేంత దూరం. అమ్మకి మెత్తటి ఇసకలో అడుగు దిగబడి, మళ్లీ తీసి, ఇంకో అడుగు వేసేసరికి రొమ్ము ఎగిరిపడేది. నడిమిట్ట మీద ఆగిపోయి నా భుజం పట్టుకునేది. అప్పటికే పడమటి వైపు చేరి కూర్చున్నవాళ్లు మాకు చోటు జరిగి ఇచ్చేవాళ్లు. అక్కడికి వచ్చేది రైతుల చొక్కాల్లోంచి, బీడీ పొగల్లోంచి వడకట్టుకుని వచ్చిన గాలి. తూర్పు అంచున మొదట తగిలిన గాలి వేరు, అది వేరు. ఊపిరి ఆడనివాళ్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

అరవైల మొదట్లో పంచాయతీకి పార్కు మంజూరైంది. ప్రభుత్వం రేడియో ఇస్తుందని, మైకు పెడతారని, కూర్చోవడానికి సిమెంటు బెంచీలు వేస్తారని చెప్పుకున్నారు. గాలి ఉండే చోటు మిట్టే కాబట్టి అక్కడే కట్టాలనుకున్నారు. ప్రెసిడెంటు ఊళ్లో పెద్ద రైతు. నెల్లూరులో చదువుకున్నవాడు, మనిషి మంచివాడు. మా పాలెంలోకి వచ్చి బోర్లించిన పడవ మీద కూర్చుని మాట్లాడిన మొదటి ప్రెసిడెంటు ఆయనే. మావాళ్లందరూ చుట్టూ నిలబడ్డారు.

"రెండు వరసలు ఏపిస్తాము. తూర్పున ఒకటి, పడమట ఒకటి. ఇంక రోజూ లేచి పక్కలు మారే పనుండదు. అది చూస్తే నాకే సిగ్గుగా ఉండాది. మీకు ఏ వరస కావాల్నో చెప్పండి" అన్నాడాయన.

ఆయన నిజంగానే అడిగాడు. ఆ రోజు మావాళ్లు తూర్పు వరస అని ఉంటే ఏం జరిగేదో నాకు తెలియదు. మా పాలెం పెద్దాయన చేతులు కట్టుకుని, "తమరు ముందు కూచోండి సామీ. మిగిలిన చోట మేం కూచుంటాం" అన్నాడు. పెద్దవాళ్లతో అలా మాట్లాడటం మర్యాద అని ఆయన నేర్చుకున్నాడు. ప్రెసిడెంటు ఇంకోసారి అడగలేదు. ఊరికే ఇచ్చిన చోటు చేతులారా వదులుకున్నారని నేను పళ్లు నూరుకున్నాను. ఆడపిల్లని, ఆ గుంపులో నోరు తెరిచే వీలు లేదు.

అప్పుడు వెనకనుంచి మా నాయన ముందుకొచ్చాడు. ఆయన మామూలుగా నలుగురిలో మాట్లాడే మనిషి కాదు.

"అయ్యా, తూర్పు వరసలో మా ఇంటిదానికి ఒక్క చోటు ఇప్పించండి. ఊపిరాడదు దానికి. చేప ముట్టదు. తానం జేసి వస్తాది."

ప్రెసిడెంటు పడవ మీంచి లేస్తూ, "మావోళ్లని అడిగి చెప్తాలే" అన్నాడు.

ఊళ్లో దాని మీద చాలా మాటలే నడిచాయని రొయ్యలు కొనే ఒక రైతు ఇల్లాలు నాకు చెప్పింది. ఒకరికి ఇస్తే రేపు అందరూ వస్తారని కొందరన్నారట. రోగంతో ఉన్న మనిషికి చోటివ్వకపోతే పాపమని ఆడవాళ్లు అన్నారట. చివరికి ఒప్పుకున్నారు. బెంచీల వరస కొసన, ఆమె ఒక్కతే కూర్చోవాలి. పక్కన ఎవరూ రాకూడదు. ముఖ్యంగా గంప మోసే కూతురు రాకూడదు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆ ఇల్లాలు నా వైపు చూడలేదు. నాకు మాత్రం బాధ అనిపించలేదు. అమ్మకి గాలి దొరికింది, నేను ఎక్కడ కూర్చుంటేనేం అనుకున్నాను.

పార్కు తయారైంది. రెండు వరసల మధ్య చిన్న రేడియో గది కట్టి, దాని మీద మైకు పెట్టారు. చుట్టూ గంగరావి మొక్కలు నాటి ఇటుకల గూళ్లు కట్టారు. ఉప్పుకి కొన్ని, మేకలకి కొన్ని పోయాయి. గూళ్లు మాత్రం మిగిలాయి. ఇక బెంచీల సంగతి. కట్టించినవాళ్లకి ఎవరికీ తట్టని సంగతి ఏమిటంటే, ఇసక చల్లారినట్టు సిమెంటు చల్లారదు. పొద్దంతా ఎండ తాగిన బెంచీ రేడియోలో వార్తలయ్యే వేళకి కూడా కాలుతూనే ఉండేది. మొదటి రోజు కొత్త పంచెలు కట్టుకుని వచ్చి కూర్చున్న పెద్దమనుషులు ఒక్కొక్కరే ఏదో పని ఉన్నట్టు లేచి నిలబడ్డారు. తర్వాత కుండలతో నీళ్లు పోయించి చూశారు. ఆవిరి లేచి ఇంకా ఉక్కగా అయింది. కొన్నాళ్లకి అందరూ మళ్లీ ఇసక మీదికే దిగారు, ఎవరి వరస బెంచీల ముందు వాళ్లు. సున్నం వేసిన బెంచీలు మంచి చెడ్డలకి పనికొచ్చే పీటల్లా ఊరికే ఉండేవి. కాని ఏ వరస ఎవరిదో మాత్రం అవే చెప్పేవి.

పక్కలు మారడం ఆగిపోయింది. పడమటి గాలి వీచినంతసేపు మా వాసన రైతుల మీదికి పోతుంది కాబట్టి వాళ్లు గాలి మారాకే మిట్టకి రావడం మొదలుపెట్టారు. నడిమిట్ట మీద ఎదురుపడి మాట్లాడుకోవడం కూడా దాంతోపాటే పోయింది. అల్లుడొచ్చాడని రొయ్యలు కావాలంటే ఇంటికి మనిషిని పంపి చెప్పించేవాళ్లు.

అమ్మ తన చోటికి వెళ్లడం మొదలుపెట్టింది. నేను రేడియో గది దాకా తీసుకువెళ్లి ఆగిపోయేదాన్ని. అక్కడినుంచి ఒక్కతే నడిచి వెళ్లేది. కొసన ఉన్న బెంచీ మీద మందంగా తాటాకు చాప మడిచి వేసుకుని, తూర్పుకి తిరిగి కూర్చునేది. గాలి వచ్చి చీర కొంగు ఎగరేస్తుంటే నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. ఇంటికి వచ్చాక పడుకుని నిద్రపోయేది. అంతకు ముందు గోడకి ఆనుకుని కూర్చునే తెల్లారబెట్టేది. మా నాయన ఆ వారమంతా వేటకి పోతూ పాట పాడుకున్నాడు.

రైతులు ఆమెని ఒక్క మాట అనలేదు. అది నేను ఒప్పుకోవాలి. దగ్గర్లో కూర్చున్న ముసలమ్మలు, "ఎట్టుండాది ఇప్పుడు?" అని అడిగేవాళ్లు. "పర్వాలేదమ్మా" అనేది అమ్మ. తర్వాత వాళ్లు తమ మాటల్లో పడిపోయేవాళ్లు. ఆమె బెంచీకీ వాళ్లకీ మధ్య ఇంకో నలుగురు పట్టేంత ఇసక ఖాళీగా ఉండేది. ఆ ఖాళీలో ఎవరూ చాప వేయలేదు.

కొన్నాళ్లకి అమ్మ కూర్చునే తీరు మారింది. గాలికి వీపు పెట్టి మావైపు తిరిగి కూర్చునేది. పడమటి వరసలో మా పిన్ని ఏదో చెప్పి అందరూ నవ్వితే, ఏం చెప్పిందోనని అంత దూరం నుంచి మెడ చాపి చూసేది. ఒకరోజు రేడియో గది దగ్గర నా చెయ్యి వదలకుండా ఆగి, వెనక్కి తిరిగి మావాళ్ల మధ్యకి వచ్చి కూర్చుంది. మర్నాడూ అంతే చేసింది.

"ఆడైతే ఊపిరాడతాది గదమ్మా" అన్నాను.

"ఆడతాది."

"మరి?"

"ఆడి ఏం జేసేది? ఎవురితో మాట్లాడేదానికి?"

నాకు ఒళ్లు మండిపోయింది. నలుగురిలో నోరు విప్పని మా నాయన చేతులు జోడించి తెచ్చిన చోటది. పొమ్మని గట్టిగా అరిచాను. అమ్మ కోప్పడలేదు. "నేను పొద్దంతా గోడలు చూస్తానే ఉంటా. నువ్వు సంతకి పోతావు, మీ నాయన ఏటకి పోతాడు. ఈ కాసేపన్నా మడుసుల్లో కూచోనీమే" అంది. ఆ మాట చెప్పడానికి మధ్యలో మూడు చోట్ల ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

అలా ఆ వేసవి సగం గడిచింది. పడమటి వరసలో అమ్మ పరిస్థితి రోజురోజుకీ దిగజారింది. మనుషులు కావాలంటే గాలి లేదు, గాలి కావాలంటే మనుషులు లేరు. ఏది వదులుకోమని చెప్పాలో మాకెవరికీ తెలియలేదు.

ఆ రోజు పొద్దున్నించి మహా ఉక్క. నాయన పడవకి తారు పూస్తూ వేటకి పోలేదు. సాయంత్రం మిట్టకి తనే అమ్మని నడిపించుకుని వచ్చాడు. నేను సంతనుంచి నేరుగా గంపతోనే వచ్చి కలిశాను. నీళ్ల గాలి అప్పటికే మొదలైంది. రైతులు వచ్చి తూర్పు వరస నిండుగా కూర్చున్నారు. అమ్మకి మెడ నరాలు తేలాయి. పెదాలు నల్లబడ్డాయి. పిన్ని వీపు రాస్తోంది. ఎవరో విసనకర్రతో విసురుతున్నారు. చుట్టూ మనుషులు మూగడంతో వచ్చే ఆ కాస్త గాలి కూడా రావడం లేదు.

నాయన వంగి, "పా, నీ చోటికి పోదాం" అన్నాడు.

"ఒక్కదాన్నే కూచోను" అంది అమ్మ.

ఆయన ఆమె చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని లేపి, తూర్పుకి నడవడం మొదలుపెట్టాడు. నేను గంప అక్కడే వదిలేసి వెనక నడిచాను. నా వెనక పిన్ని లేచింది. పిన్ని లేచిందని ఆమె పిల్లలు, ఆ పక్కవాళ్లు, ఆ వెనకవాళ్లు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పడమటి వరస మొత్తం లేచి చాపలు చంకన పెట్టుకుంది.

మమ్మల్ని చూసి రైతులు లేచారు.

ఒక పక్క లేస్తే రెండో పక్క లేవడం ఆ ఊరి ఒంట్లో ఉంది. పుట్టినప్పట్నుంచీ లేచినవాళ్లు, బెంచీలు వచ్చి నెలలు గడిచినా ఒళ్లు మరిచిపోలేదు. పైగుడ్డలు దులుపుకుని, పిల్లల్ని పిలుచుకుని మాకు ఎదురుగా నడిచి వచ్చారు. రేడియో గది దగ్గర ఒకరినొకరు దాటుకున్నాం.

"ఏం, గాలి మారిందా?" అని ఒకాయన అడిగాడు.

మా నాయన తల వంచుకుని నడుస్తున్నాడు. వాళ్లు పోయి పడమటి బెంచీల ముందు కూర్చున్నారు. మేము తూర్పున కూర్చున్నాం. నీళ్ల మీది గాలి అడ్డం లేకుండా వచ్చి మొహాలకి తగిలింది.

అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టలేదు. ఇసక పైపొర తీసి నేను కూర్చుని, ఆమెని నా ఒళ్లోకి ఆనించుకున్నాను. సంత చేసి వచ్చిన ఒళ్లు నాది, చేపల వాసన మామూలుగా లేదు. చుట్టూ మావాళ్లే ఉన్నారు, అయితే ఈసారి గాలి వచ్చే వైపు వదిలి కూర్చున్నారు. చాలాసేపటికి ఆమె రొమ్ము ఎగిరిపడటం తగ్గింది. పిన్ని సంతలో గంప పోగొట్టుకున్న ఎవరిదో కథ ఎత్తుకుంది. అమ్మ మధ్యలో అడ్డం వచ్చి, అది అట్టా జరగలేదని తను చెప్పడం మొదలుపెట్టింది. ఆగకుండా, ఊపిరి కోసం తడుముకోకుండా మొత్తం చెప్పింది. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. మా నాయన నీళ్ల వైపు తిరిగి కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు.

అవతలి వరసలో ఒక కుర్ర రైతు లేచి నిలబడటం చూశాను. చిటికెడు ఇసక తీసి వదిలాడు. అది అతని కాళ్ల మీదే వెనక్కి పడింది. గాలి మారలేదని తెలిసిపోయింది. వంగి ప్రెసిడెంటుతో ఏదో అన్నాడు. ఏమన్నాడో గాలికెదురుగా మాకు వినిపించలేదు. ప్రెసిడెంటు అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. రేడియో కట్టేసేదాకా ఎవరూ చోటు కదల్లేదు.

మర్నాడు రైతులు ఇంకా పడమటి గాలి వీస్తుండగానే వచ్చి తూర్పు వరసలో చాపలు పరిచి కూర్చున్నారు. మా వాసన మీద పడుతున్నా ఓర్చుకుని కూర్చున్నారు. నిన్నటి గురించి ఒక్కరూ ఎత్తలేదు, మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. అమ్మ చోటు వరస కొసన ఖాళీగా ఉంచారు. మేము వెళ్లి పడమటి వరసలో కూర్చున్నాం. నీళ్ల గాలి మొదలయ్యాక నేను రెండుసార్లు లేచి నిలబడ్డాను. మావాళ్లు లేచారు. రైతులు లేవలేదు. మేము మళ్లీ కూర్చున్నాం. తర్వాత్తర్వాత మావాళ్లు కూడా లేవడం మానేశారు.

అమ్మ కార్తీకం వానల్లో పోయింది. ఆ చోటు లేకనే పోయిందని నేను అనను. ఉబ్బసం ముదిరింది, మందులకి లొంగలేదు. కాని ఆ వేసవిలో మిగిలిన సాయంత్రాలన్నీ ఆమె ఎలా గడిపిందో నాకు తెలుసు. అది మాత్రం ఎప్పటికీ మరిచిపోలేను.

అమ్మ పోయాక మళ్లీ చదువు ఎత్తుకుని, అరవైల చివర్లో ట్రైనింగు పూర్తి చేసి నేను తడ దగ్గర ఒక బళ్లో టీచరుగా చేరాను. ఒక వేసవి మధ్యాహ్నం నాయుడుపేటలో బస్సు కోసం నిలబడి ఉంటే రేకుల షెడ్డు కింద ప్రెసిడెంటు కనిపించాడు. అప్పటికి పదవిలో లేడు. బాగా ముసలివాడయ్యాడు. షెడ్డు కింద నిప్పుల కొలిమిలా ఉంది. నన్ను గుర్తుపట్టి, పక్కన జరిగి చోటిచ్చి కూర్చోమన్నాడు. కూర్చున్నాను. చదువు గురించి, మా నాయన గురించి అడిగాడు. తర్వాత ఆ సంగతి తనే ఎత్తాడు.

"ఆ రోజు మిట్ట మీద మీరంతా లేచొచ్చినప్పుడు మేం తెలీక లేచినామని అనుకుంటుండావేమో. కొందురు తెలీకనే లేచినారు. నాకు తెలుసు. నాకేగాదు, ఇంకా శానామందికి తెలుసు. గాలి మొహానికి తగులుతుంటే తెలీకుండా ఎట్టుంటాదమ్మా? మీ అమ్మ అవస్థ చూసి, తెలిసే లేచినాము."

ఈ మాట చెబితే నాకు మనసు తేలికవుతుందని ఆయన అనుకున్నట్టున్నాడు. లేక ఆయన మనసే తేలికవ్వాలేమో. ఇన్నేళ్లూ అది అలవాటు చేసిన పని అనుకుని, అలవాటుని తిట్టుకుంటూ బతికాను. మెల్లగానే అడిగాను.

"తెలిసి లేచినోళ్లు, మర్నాడు గూడా లేచుండచ్చు గదయ్యా. మా అమ్మ వానలదాకా బతికే ఉన్నింది."